లంకల దాకా ఫోన్ బ్యాంకింగ్

తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లోనూ, ఏలూరు కిరాణా కొట్లలోనూ క్యూఆర్ కోడ్ స్టిక్కర్లు మామూలైపోయాయి. 2016లో యూపీఐ రావడం, ఆ ఏడాది నవంబరు 8న పెద్ద నోట్లు రద్దు కావడం ఈ మార్పును తొందరపెట్టాయి.

కొల్లేటి లంకల్లో చేపలమ్ముకునే మహిళ సంగతి వేరు. ఆమె బ్యాంకు ఖాతాకు ఇచ్చిన నంబరు భర్తదో కొడుకుదో అయి ఉంటుంది. చేతిలో ఉండేది కీప్యాడ్ ఫోను. అన్నిటికీ మించి, ఎక్కడో తప్పు నొక్కితే ఆ రోజు సంపాదన పోతుందన్న భయం. దాన్ని అజ్ఞానమని కొట్టిపారేయకూడదు. మోసాలు నిజంగానే జరుగుతున్నాయి.

ఇలాంటి భయం దాటడానికి కెన్యా ఒక ఉదాహరణ. అక్కడ 2007లో మొదలైన ఎం-పెసా అనే ఫోన్ నగదు సేవ మామూలు ఫోన్ల మీదే నడిచింది. ఊళ్లో తెలిసిన ఏజెంటు దగ్గర నగదు వేసి, తీసుకునే వీలుండటంతో జనం నమ్మారు. మన రిజర్వు బ్యాంకు కూడా 2022 మార్చిలో కీప్యాడ్ ఫోన్ల కోసం యూపీఐ 123పే తెచ్చింది. లంక గ్రామాల్లో దాని పేరు ఎందరు విన్నారు?

బ్యాంకు సిబ్బంది డ్వాక్రా సంఘాల సమావేశాలకు వెళ్లి, ఫోను మహిళల చేతికే ఇచ్చి, తెలుగులో నేర్పాలి. డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదని, మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని మొదటి రోజే చెప్పాలి.