వనభోజనమున దిబ్బరొట్టె

కార్తికమాసమున బంధుమిత్రులతో గూడి చెట్లనీడను భుజించుట మన పెద్దలనాటి ఆచారము. ఆంధ్రదేశమున అది వానకాలము గడచి చలి ఆరంభమగు సమయము. ఉసిరిచెట్టు క్రింద విస్తళ్లు వేయుదురు. మన మారిషస్ ద్వీపమున అదే మాసము వేసవి ముంగిట వచ్చును. అక్టోబరు, నవంబరు నెలలలో గడ్డి యెండి, చెరకుతోటలలో ఎండుటాకు గలగలలాడుచుండును. ఆచార మొక్కటియే యైనను ఋతువు వేరు. కావున ఇచ్చట వంటను గూర్చి యెంత యోచింతుమో, నిప్పును గూర్చియు నంత యోచింపవలెనని సోదరీసోదరులకు మా మనవి.

నలుగురికి కడుపునిండ పెట్టుటకు దిబ్బరొట్టె మేలు. 1 పాలు మినపపప్పును 4 గంటలు నానబెట్టి మెత్తగా రుబ్బి, కడిగి పిండిన 2 పాళ్లు బియ్యపురవ్వను, ఉప్పును, జీలకఱ్ఱను కలిపి మూతగల పాత్రలో గొనిపోవలెను. ఎండకు పులిసిపోకుండ ఆ ఉదయముననే రుబ్బుట మంచిది.

సముద్రతీరమున సరుగుడుచెట్ల క్రింద, అనగా మనవారు ఫిలావో యనెడి చెట్ల క్రింద, రాలిన ఆకు ఇట్టే అంటుకొనును. నిప్పు వేయుటకు అనుమతి గల చోటనే, ఆకు ఊడ్చి, చెట్లకును చెరకుతోటలకును దూరముగా మూడు రాళ్లు నిలుపవలెను. ఏటిలోని తడిరాళ్లు వేడికి పగిలి చిందును, అవి పనికిరావు. గన్నేరుకొమ్మ విషము, దానిని పొయ్యిలో పెట్టరాదు.

మంటపై వండినచో రొట్టె అడుగు మాడి లోపల పచ్చిగానుండును. కట్టెలు నిప్పులై పైన బూడిద పట్టువఱకు ఓర్చుకొనవలెను. అటుపిమ్మట దళసరి ఇనుపమూకుడులో నూనె కాచి, పిండిని అంగుళము మందమున పోసి, ఇనుపమూత పెట్టి, దానిపై నాలుగు నిప్పులుంచవలెను. ఇట్లు చేసిన పైభాగమును కాలును. సుమారు 20 నిమిషములకు అంచులు ఎఱ్ఱబడి మూకుడును విడుచును. అప్పుడు తిరుగవేసి కొంతసేపు కాల్చి దింపవలెను. అల్లపుపచ్చడి దానికి చక్కని జోడు. గోదావరి సీమవారు చెరకుపానకముతోను తిందురు. చెరకుసీమయందున్న మనకు అదియేమి కొఱత! కాలిన మూకుడుపై చన్నీరు పోసినచో పగులవచ్చును. చల్లారనిచ్చి, కడిగి తుడిచి, నూనె రాయుడు.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచినది. భోజనానంతరము నిప్పులపై ఇసుక కప్పి పోవువారు కలరు. ఇసుక నిప్పును చల్లార్చదు. వేడిని గంటలకొలది దాచును. పైకి చల్లగా గన్పట్టు ఆ చోట ఏ పసివాడో వట్టికాళ్లతో అడుగువేసిన అరికాళ్లు కాలిపోవును. సముద్రపునీరైనను సరే, బకెట్లతో తెచ్చి, ఆవిరి మొగమునకు కొట్టకుండ మెల్లగా పోసి, కఱ్ఱతో కలిపి, మరల పోయవలెను. ఎవరికైనను కాలినచో ఆ చోటును 20 నిమిషములు పాఱునట్టి మంచినీటి క్రింద నుంచుడు. నేయి, పసుపు, పండ్లపొడి ముద్ద పూయవలదు. కాలినది పెద్దదైనను, బొబ్బలెక్కినను వైద్యుని యొద్దకు గొనిపొండు.

చేతిని చేరువగా పెట్టి, వేడి యేమాత్రమును లేదని తెలిసికొనిన పిమ్మటనే పిల్లలను పిలిచి ఇంటిదారి పట్టుడు.