విమానం దిగేలోపు

కృష్ణగిరి జిల్లా హోసూరులో 2,000 ఎకరాల్లో, ఏటా 3 కోట్ల మంది ప్రయాణికుల కోసం అంతర్జాతీయ విమానాశ్రయం కడతామని స్టాలిన్ ముఖ్యమంత్రిగా 2024 జూన్ 27న అసెంబ్లీలో ప్రకటించారు. డిగ్రీ చేతబట్టుకొని రోజూ బెంగళూరు బస్సెక్కే మన తెలుగు యువత దానిపై ఆశ పెట్టుకోవడం తప్పు కాదు. నా ప్రశ్నల్లా పొలాల గురించే.

పట్టాదారుకు పరిహారం వస్తుంది. గులాబీ తోటల్లో పూలు కోసే అక్కలకు? టమాటా వేసిన కౌలురైతుకు? మూడేళ్లుగా అక్కడే పనిచేస్తూ ఆ భూమి మీదే బతికే కూలీలను, కౌలుదారులను కూడా 2013 భూసేకరణ చట్టం బాధిత కుటుంబాలుగానే చూస్తుంది. కానీ కౌలు చాలాచోట్ల నోటిమాటే, కాగితం ఉండదు. నాబోతుకైనా ద్రాక్షతోట సొంతం!

యువకులారా, సర్వే రాళ్లు పడకముందే మీ ఊరి కౌలుదారుల, కూలీల పేర్లు రాయండి. గ్రామసభలో చదివి తీర్మానంలో ఎక్కించండి.