రోజా, రిపోర్టు
రమజాన్ సమీపించిందంటే మధుమేహమున్నవారు రిపోర్టులు పట్టుకొని “హజ్రత్, రోజా ఉండవచ్చునా?” అని మమ్మల్ని అడుగుతుంటారు. మొన్న ఒక విద్యార్థి తల్లి, హెచ్‌బీఏ1సీ 6.1కి తగ్గింది గనుక మాత్రలు మానివేసి నెలంతా రోజాలుంటామన్నారు. మూడు వారాల క్రితం ఆమెకు రెండు బాటిళ్ల రక్తమెక్కించారని మాటల మధ్య తెలిసింది. ఎర్ర రక్తకణాలకు అంటిన చక్కెరను ఈ పరీక్ష కొలుస్తుంది. కణం ఆయుష్షు సుమారు 120 రోజులు. మధుమేహం లేని దాత రక్తం కలిస్తే అంకె తగ్గి కనిపించవచ్చు. ఇనుము లోపం వల్ల కలిగే రక్తహీనతలోనైతే పెరిగి కనిపించవచ్చు. రోగికి మినహాయింపును సూరె బఖరా 185వ ఆయత్‌లో అల్లాహ్‌యే ఇచ్చాడు. దానిని ఒక్క అంకె చూసి కాదనుకోవడమెందుకు? మాత్రలు మానవద్దని చెప్పి, ఆమెను వైద్యుని వద్దకు పంపాము. వేలికి సూది గుచ్చి చక్కెర చూసుకుంటే రోజా భంగం కాదని కూడా చెప్పాము. 70 కన్నా తగ్గితే వెంటనే విరమించాలి. ఖజా తరువాత చేసుకోవచ్చు.