పియానోకు మళ్లితే వెనకడుగేనా?

డ్యాన్స్ ఫ్లోర్లను ఊపేసిన మనిషి పియానో ముందు కూర్చుంటే 'ఇక అయిపోయాడు' అనేస్తారు. జపాన్ సంగీతకారుడు ర్యుయిచి సకమోటో సంగతి చూస్తే ఆ మాట ఎంత తప్పో తెలుస్తుంది.

1978లో మొదలైన 'ఎల్లో మ్యాజిక్ ఆర్కెస్ట్రా' త్రయంలో ఆయన ఒకరు. సింథసైజర్లతో కుర్రకారు చేత చిందులేయించారు. అదే మనిషి ఒట్టి పియానోతో చేసిన 'ఎనర్జీ ఫ్లో' 1999లో జపాన్ అమ్మకాల్లో మొదటి స్థానానికెక్కింది. అందులో మాటల్లేవు, బీటూ లేదు. అయినా జనం ఎగబడి కొన్నారు.

2011 సునామీలో మునిగి శ్రుతి తప్పిన ఓ హైస్కూలు పియానోను కూడా ఆయన పనికిరాదనుకోలేదు. దాని స్వరాలను 2017 నాటి 'ఎసింక్' ఆల్బంలో వాడుకున్నారు. 2023లో కన్నుమూశారు.

కళాకారుణ్ని పాత హిట్టుకే కట్టేయడం అభిమానం అనిపించుకోదు. దారి మార్చినప్పుడు పెదవి విరిచే ముందు ఓసారి వినాలి.