లక్ష రాతల భరోసా

పారిశ్రామిక కంట్రోలర్లలో మెమరీ అరుగుదల గురించి ఇంజనీర్లలో పాతుకుపోయిన అభిప్రాయం ఒకటుంది. కరెంటు పోయినా సమాచారాన్ని నిలుపుకునే ఈఈప్రామ్ చిప్ లక్షసార్లు రాసినా తట్టుకుంటుందని తయారీదారే హామీ ఇస్తున్నాడు కనుక యంత్రం జీవితకాలంలో అన్ని రాతలు ఎన్నటికీ పడవని, పడతాయన్న అనుమానముంటే ఇంకా మన్నికైన చిప్ వేసుకుంటే సరిపోతుందని ఆ అభిప్రాయం. ఇందులో మొదటి సగం లెక్కకు నిలవదు. రెండో సగం ప్రోగ్రాములో ఉన్న తప్పును చిప్ నెత్తిన రుద్దుతుంది.

ఈఈప్రామ్‌లోనూ, దాని తరహాదే అయిన ఫ్లాష్ మెమరీలోనూ సాధారణంగా ప్రతి బిట్టూ ఫ్లోటింగ్ గేట్ అనే, నలువైపులా ఆక్సైడ్‌తో మూసివున్న సూక్ష్మభాగంలో చిక్కుకున్న ఎలక్ట్రాన్ల రూపంలో ఉంటుంది. రాసిన ప్రతిసారీ అవి అధిక వోల్టేజి ఒత్తిడికి అతి పలుచని ఆక్సైడ్ పొర గుండా దూరిపోతాయి కనుక ఆ పొరలో లోపాలు కొద్దికొద్దిగా పేరుకుంటాయి. ఆపరేటరు మీటలు నొక్కి సెట్ పాయింటును, అంటే యంత్రం చేరుకోవలసిన విలువను, రోజుకు పదిసార్లు మార్చుకునే చోట లక్ష పూర్తికావడానికి 27 ఏళ్లు పడుతుంది. అదే విలువను కంప్యూటరు సెకనుకొకసారి పంపుతూ పోతే 28 గంటలైనా నిండకముందే లక్ష దాటుతుంది. పీఎల్‌సీ అనే పారిశ్రామిక కంట్రోలరు తన ప్రోగ్రామును ఒకసారి మొదటి నుంచి చివరిదాకా నడిపే స్కాన్ 10 మిల్లీసెకన్లదై, ప్రతి స్కాన్‌లోనూ రాత పడితే 17 నిమిషాలు చాలు.

ఇది ఊహాజనితమైన ప్రమాదం కాదనడానికి మోటారు వేగాన్ని నియంత్రించే డ్రైవ్‌ల మాన్యువళ్లే సాక్ష్యం. మిత్సుబిషి ఎఫ్ఆర్ శ్రేణి డ్రైవ్‌లకు కేబుల్ ద్వారా ఫ్రీక్వెన్సీని పంపడానికి రెండు కోడ్‌లున్నాయి: ఈడీ కోడ్‌తో పంపిన విలువ కరెంటు ఉన్నంతవరకే నిలిచే ర్యామ్‌లోకి వెళుతుంది, ఈఈ కోడ్‌తో పంపినది ఈఈప్రామ్‌లోకి కూడా వెళుతుంది. పారామీటర్ల, అంటే డ్రైవ్ సెట్టింగుల, విషయంలో ఈ ఎంపికను 342వ పారామీటరు చేస్తుంది, అయితే ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు దాని విలువ సున్నా, అంటే వచ్చిన ప్రతి మార్పునూ శాశ్వతంగా రాసుకొమ్మని. రాతలు మితిమీరి మెమరీ చెడితే డ్రైవ్ ఇ.పీఈ అనే ఫాల్టు చూపి ఆగిపోతుంది. రెండు కోడ్‌లకూ మోటారు ఒకేలా తిరుగుతుంది కనుక యంత్రాన్ని మొదటిసారి నడిపి చూసే కమిషనింగ్ నాడు ఈ తేడా ఎవరి కంటా పడదు, అప్పటికి అందరి చూపూ మోటారు మీదే ఉంటుంది మరి. ఇక్కడ చిప్ చేసిన నేరమేమీ లేదు; ఆ విలువ కరెంటు పోయి వచ్చాక ఎవరికైనా కావాలా అన్న ప్రశ్నను ప్రోగ్రాము రాసినవారు వేసుకోలేదు.

మన్నికైన చిప్‌ల వాదనలో నిజం లేకపోలేదు. ఎఫ్‌ర్యామ్ అనే మెమరీ లక్షల కోట్ల రాతలను తట్టుకుంటుంది. కానీ డ్రైవ్‌నో ఉష్ణోగ్రత కంట్రోలర్‌నో కొనుక్కున్న కర్మాగారం లోపలి చిప్‌ను ఎంచుకోలేదు. పైగా రాస్తుండగానే కరెంటు పోతే సగం కొత్తది, సగం పాతది అయిన రికార్డు ఎఫ్‌ర్యామ్‌లోనూ మిగులుతుంది. రాతలను చిప్ అంతటా సమంగా పంచే వేర్ లెవలింగ్ అనే ఏర్పాటు కూడా పూర్తి పరిష్కారం కాదు. కర్మాగారపు యంత్రం కాకపోయినా టెస్లా కార్ల ఉదంతం ఇక్కడ చెప్పుకోదగినది: వాటి తెర వెనుక కంప్యూటరులోని 8 జీబీ ఫ్లాష్ మెమరీ రాతలకు అరిగిపోవడంతో 2021 ఫిబ్రవరిలో అమెరికాలో సుమారు 1,35,000 కార్లను ఆ సంస్థ రీకాల్ చేసింది. ఆ తరహా మెమరీలో వేర్ లెవలింగ్ లోపలే ఉంటుంది. ఎడతెగకుండా రాసేవారి చేతిలో అది అరుగుదలను అన్ని బ్లాకులకూ పంచగలదు తప్ప ఆపలేదు. రాసిన వెంటనే చదివి సరిచూసుకుంటే చాలన్న ధీమా కూడా పనికిరాదు, ఎందుకంటే అరిగిన మెమరీ కణం ఆ క్షణానికి సరిగానే చదివించి, నెలల తరువాత విలువను జారవిడుస్తుంది.

కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కనుక ప్రతి మార్పునూ అప్పటికప్పుడే రాయాలన్నది మిగిలిన ఒకే ఒక గట్టి అభ్యంతరం. దానికీ జవాబుంది. ఉదాహరణకు ప్రవాహ మీటరు లెక్కించిన మొత్తాన్ని 15 నిమిషాలకొకసారి 32 గడుల వలయంలో వరుస సంఖ్యతో, తప్పును పట్టించే చెక్‌సమ్‌తో రాస్తే ఒక్కో గడికి ఏడాదికి 1,095 రాతలే పడతాయి, లక్షకు 91 ఏళ్లు కావాలి. రాత మధ్యలో తెగినా అంతకుముందరి గడి చెక్కుచెదరకుండా ఉంటుంది. ఆ చివరి 15 నిమిషాల లెక్క కూడా పోకూడదనుకుంటే, కరెంటు పోయాక కూడా కాసేపు శక్తినిచ్చే కెపాసిటరు ఉంది. 24 వోల్టుల లైను మీద 1,000 మైక్రోఫారాడ్ల కెపాసిటరు పెడితే, వోల్టేజి 18కి పడేలోగా 1 వాటు వాడే సర్క్యూటుకు దాదాపు 126 మిల్లీసెకన్లు దొరుకుతాయి, 64 బైట్ల పేజీని 5 మిల్లీసెకన్లలో రాసే ఈఈప్రామ్‌కు అది చాలినంత వ్యవధి. కెపాసిటరు వేడికి ఎండి సామర్థ్యం కోల్పోతుంది కనుక రెట్టింపు పెట్టుకోవడం మంచిది. వోల్టేజి పడిపోవడాన్ని కూడా 24 వోల్టుల వైపునే గమనించాలి. వోల్టేజిని తగ్గించే రెగ్యులేటరు దాటిన 5 వోల్టుల దగ్గర గమనించేవారికి సంగతి తెలిసేసరికి కెపాసిటరులో రాయడానికి చాలినంత శక్తి మిగలదు.