రంగం వీధులలో మనవారు

మన కోనసీమ పెద్దలు రంగూన్ అనరు, రంగం అంటారు. ఆ పట్టణపు పాత భవనాలను కాపాడడానికి 2012లో ఏర్పడిన యాంగాన్ హెరిటేజ్ ట్రస్ట్ సందర్శకులను వెంటబెట్టుకొని పాత వలస పేటలు నడిచి చూపించేది. సూలే పగోడా దగ్గర బయలుదేరితే దాని ఎదుటనే మసీదు, పార్కు ప్రక్కన బాప్తిస్టు దేవాలయము. 26వ వీధిలో యూదుల సమాజమందిరము, తూర్పుగా మరికొంత నడిస్తే 1862లో కట్టిన ఆర్మేనియా సంఘపు గుడి. వర్తకులుగా వచ్చిన జనాలు తమ పేరు రాతిమీద నిలుపుకున్నారు.

మనవారి పేరు వెదకాలంటే స్ట్రాండ్ రోడ్డు దాటి రేవులోనికి పోవాలి. కాకినాడలో ఓడ ఎక్కి, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు తాకట్టుపడి వెళ్ళినవారు వీరు. ధాన్యపు బస్తాలు మోశారు, రైసు మిల్లులలో చేశారు, రిక్షాలు లాగారు, వీధులు ఊడ్చారు. రాత్రికి ఒక్క గదిలో పదులకొద్దీ మనుష్యులు పడుకునేవారు. 1931 జనాభా లెక్కలలో రంగూన్ ప్రజలు సుమారు 4 లక్షలు, అందులో సగానికి పైగా భారతీయులే! అక్కడ తెలుగు కూలీకి కోరంగీ అని పేరు. మన కోరంగి రేవు పేరే. అయితే పలికేవారి నోట అది గౌరవమైన మాట కాదు.

1930 మే నెలలో ఈ రేవు కూలీలు కూలి పెంచమని పని మానారు. వారి స్థానములో బర్మా కూలీలను పెట్టుకున్నారు. రాజీ కుదిరి మనవారు తిరిగి రాగానే ఆ బర్మావారిని పొమ్మన్నారు. మే 26న మొదలైన కొట్లాటలలో వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది తెలుగువారు. కొట్టినవాడూ కూలీయే, చచ్చినవాడూ కూలీయే. కూలి మిగుల్చుకున్నవారికి మాత్రం దెబ్బ తగలలేదు.

ద్వితీయోపదేశకాండము 10:19లో పరదేశిని ప్రేమించమని చెప్పి, దేవుడు ఐగుప్తును జ్ఞాపకము చేస్తాడు. గోదావరివారికి ఆ ఐగుప్తు పేరు రంగం. ఇప్పుడు భీమవరం చుట్టుప్రక్కల రొయ్యల చెరువులమీద, మిల్లులలో బీహారు, ఒడిశా పిల్లలు పనిచేస్తున్నారు. వారిలో ఎందరి పేర్లు మనకు తెలుసు? "ఆ హిందీవాళ్ళు" అనేస్తాము. ఆదివారము మన గుడి మెట్లదగ్గర నిలబడి పాట విని వెళ్ళిపోయేవానిని లోపలికి రమ్మన్న సంఘపెద్దలు ఎందరు? నాకైతే ఇది చిన్న విషయముగా తోచదు.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. తరువాత లక్షలమంది కొండదారులలో నడిచి స్వదేశము చేరారు, వేలమంది దారిలోనే రాలిపోయారు. మిగిలినవారిలో అనేకులు 1964 తరువాత కట్టుబట్టలతో వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట ఉన్నది.

మీ ఇంట రంగం వెళ్ళిన తాత ఉంటే, ఆయన పేరు, ఊరు, ఓడ ఎక్కిన ఏడు తెలిసిన పెద్దలు బ్రతికి ఉండగానే అడిగి, కుటుంబ బైబిలు వెనుక పేజీలో వ్రాయించండి. తిరిగి రాని వారి పేర్లు కూడా.