తొలి ల్యాప్‌టాప్‌కు వెచ్చించే ధనం

వెబ్ పుటల నిర్మాణం నేర్వదలచిన విద్యార్థి అంగడిలోని మెరుపులు చూచి మోసపోరాదు. ఆటల కోసం అమర్చిన గ్రాఫిక్స్ కార్డు ఈ విద్యకు అనవసరమైన ఆభరణం. బ్రౌజరు, ఎడిటరు, సర్వరు ఏకకాలంలో నడవాలంటే ర్యామ్ ప్రధానం. 8 జీబీ కనీసం, 16 శ్రేయస్కరం. కొన్నింటిలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది. తరువాత పెంచడానికి వీలుండదు. కొనకముందే విచారించుకోవలె. హార్డ్‌డిస్కు కాక ఎస్‌ఎస్‌డీ ఉండితీరాలి.

తండ్రి కష్టార్జితాన్ని నెలవాయిదాలకు ధారపోయడం కన్న, ఒకరు వాడిన యంత్రాన్ని కొనడమే మేలని నా అభిప్రాయం. అందులో నామోషీ ఏమున్నది? అయితే విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. ఇంటెల్ 8వ తరానికి పూర్వపు ప్రాసెసర్లు దాదాపు అన్నీ విండోస్ 11కు అనర్హాలు. అట్టిది చౌకగా లభిస్తే ఉచితమైన లినక్స్‌ను ఎక్కించుకోవచ్చు. హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్టు అభ్యాసానికి ఏ లోటూ రాదు.